ఒంటి తీగ

మన స్కూలు బ్యాచ్ కలిసే సందర్భంగా జ్ఞాపకాలు రాయమని కమిటీవాళ్ళు వాట్సాప్‌లో మూడోసారి అడిగారు, "రేయ్, అందరూ పంపేశారు, నీదొక్కటే బాకీ, రెండు పేజీలు చాలు" అని. ఆరు, ఏడు తరగతులు గుర్తు చేసుకుందామని కూర్చుంటే ఏమీ రాలేదు. కోనేటి గట్టు మీద కప్ప సంగతి సోడాబుడ్డి రాస్తాడు, అది వాడి సొత్తు. నేను టిఫిన్, స్వీట్ల అంగడి గురించి రాస్తాను. ఏ అంగడి అని మన 1986 బ్యాచ్‌లో ఎవరూ అడగరు.

పోయిన ఆగస్టులో వెళ్ళాను. చెరకు క్రషింగ్ మొదలైతే మా చక్కెర మిల్లు వదిలి కదలడానికి లేదు, అందుకే సంక్రాంతికి ఊరికొచ్చి ఇరవై ఏళ్ళు దాటింది, ఎప్పుడొచ్చినా ఆఫ్ సీజన్లోనే. బస్సు దిగి, రూముకు కూడా పోకుండా బ్యాగు భుజానేసుకుని గోవిందరాజస్వామి గాలిగోపురం దాటి సందులోకి తిరిగాను. సందు మొదట్లోనే నేతిలో శనగపిండి వేగే వాసన తగిలింది. ఆఖరి పీరియడ్లో సోషల్ సారు మొగలు చక్రవర్తుల దగ్గరుంటే కిటికీలోంచి వచ్చేదే, అదే వాసన.

బోర్డు మారింది, కట్టెల పొయ్యి పోయి గ్యాస్ వచ్చింది. గల్లాపెట్టె దగ్గర అప్పటి అంగడి పెద్దాయన మనవడి భార్య కూర్చుని ఉంది. రాతి బల్లలు మాత్రం అవే, మూల బల్లకు విరిగిన అంచు అలాగే ఉంది, పాకాల బండిలో బడికొచ్చిన బ్యాచ్ గమనించగలరు. ముందు భాగంలో టిఫిన్ అన్న చూసుకుంటాడు, వెనక స్వీట్ల పొయ్యి తమ్ముడిది. మూడో తరం. పొంగలి తిన్నాను. పంటి కింద మిరియం నలిగింది. పక్కన వడ వద్దన్నా వేశారు. చాలా బాగుంది.

ఇక అసలు సంగతి. పదో తరగతిలో ద్రావణాల పాఠం. సైన్సు సారు నన్ను లేపి "అతి సంతృప్త ద్రావణం అంటే ఏమిట్రా?" అని అడిగారు. ఆ వేడి దగ్గర మామూలుగా కరిగేదానికన్నా ఎక్కువ కరిగి ఉన్న ద్రావణమని గడగడా ఒప్పజెప్పాను. "ఎప్పుడైనా చూశావా?" అన్నారు. లేదు సార్ అన్నాను. ఆయన ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత పుస్తకం మూసి, బీరువాలోంచి థర్మామీటరు తీసి జేబులో పెట్టుకుని "పదండి" అన్నారు. హెడ్మాస్టరు గది ముందు నుంచే వరసగా నడిపించారు, గుర్తుందా?

పెద్దాయన మా గుంపును చూసి హడలిపోయాడు. "సామీ, ఇంతమందికి ఒక్కసారిగా ఇడ్లీ అంటే కాదు సామీ."

"ఇడ్లీ వద్దు స్వామీ. పాకం చూపించండి చాలు."

అలా మొదలైంది. బాణలిలో చక్కెర, నీళ్ళు. మరుగుతుంటే సారు థర్మామీటరు ముంచారు, పాదరసం 100 గీత దాటి పైకి పోయింది. "నీళ్ళు 100 దగ్గర మరుగుతాయని రాశారు కదరా పరీక్షలో, మరి ఇదేంది?" ఎవరం మాట్లాడలేదు. నీళ్ళు ఆవిరైపోయేకొద్దీ చక్కెర శాతం పెరుగుతుంది, అది పెరిగేకొద్దీ మరిగే వేడీ పెరుగుతుందని ఆయన చెప్తున్నారు, పెద్దాయన పని ఆయన చేసుకుంటున్నాడు. గరిటె ముంచి, దాని అంచున ఉన్న చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి తెరిచాడు. మొదటిసారి తెగిపోయింది. రెండోసారి కూడా. మూడోసారి రెండు వేళ్ళ మధ్య సన్నటి తీగ నిలబడింది, దీపం వెలుతురులో సాలెపోగులాగా. "ఒంటి తీగ" అన్నాడు. నన్ను దగ్గరికి పిలిచాడు. "ముందు వేళ్ళు తడుపుకో నాయనా, ఆ చుక్క ఆరనీ, ఇప్పుడు పట్టు." నా వేళ్ళ మధ్య కూడా వచ్చింది. ఇప్పుడు రాస్తుంటే ఆ జిగురు వేళ్ళకు తెలుస్తోంది.

తర్వాత జాంగ్రీ పాకంలో నిమ్మకాయ పిండుతుంటే సారు "ఎందుకు స్వామీ?" అన్నారు. "తెలీదు సామీ. మా నాయన పిండేవాడు, నేను పిండతా." సారు రెండు గ్లాసుల్లో పాకం పోయించుకున్నారు, నిమ్మ పిండింది ఒకటి, పిండనిది ఒకటి. బెంచీ మీద ఆ రెంటినీ ఎన్ని రోజులు పెట్టారో గుర్తులేదు కానీ, పిండనిది గరుకు కట్టింది, పిండింది తేనెలాగే ఉంది. నిమ్మ పులుపు చక్కెరలో కొంత భాగాన్ని గ్లూకోజు, ఫ్రక్టోజుగా విడగొడుతుంది, అవి పలుకు కట్టనివ్వవు. ఆ సంగతి పెద్దాయనకు చెప్పి రమ్మని సారు నన్నే పంపారు. ఆయన శ్రద్ధగా విని, కొసరు మైసూర్‌పాక్ చేతిలో పెట్టాడు.

నేను చక్కెర మిల్లులో చేరిన మొదటి రాత్రి, ముసలి పాన్ మేస్త్రీ పాన్‌లోంచి, అంటే పాకం కాచే పెద్ద పాత్రలోంచి, కాస్త తీసి, బొటనవేలూ చూపుడువేలూ తెరిచి తీగ చూశాడు. నాకు కళ్ళు చెమర్చాయి. లోపలి గాలి లాగేసిన వాక్యూమ్ పాన్‌లో మేము 70 డిగ్రీల లోపలే మరగనిస్తాం, వేడి ఎక్కితే చక్కెర ఎర్రబడుతుందని. మైసూర్‌పాక్‌కు దాని ఎదురు. పళ్ళెంలో పోశాక వేడి నడుమ చిక్కుకుని అక్కడ ఎర్రబడుతుంది, ఆ గీత రావాలనే జనం చూస్తారు. మొదటి జీతంతో సారు ఇంటికి పోయి మా మిల్లు ఎమ్-30 రకం, అంటే మధ్యరకం పలుకు చక్కెర, ఒక సీసాలో ఇచ్చాను. చిటికెడు తీసి కిటికీ దగ్గర వెలుతురులో చాలాసేపు చూశారు. "పలుకు సమంగా ఉందిరా" అన్నారు. ఇప్పుడు నేను చీఫ్ కెమిస్టును, నా కింద పదకొండు మంది పిల్లలు పనిచేస్తున్నారు, అందరికీ ముందు తీగ నేర్పిస్తాను, తర్వాతే మీటరు.

ఆగస్టులో వెనక పొయ్యి దగ్గరికి పోయి ఈ కథంతా తమ్ముడికి చెప్పాను. "నిమ్మ పిండినా ఈమధ్య పాకం గరుకు పడుతోంది అన్నా" అన్నాడు. బాణలి చూస్తే పక్క గోడలకు చక్కెర పలుకులు ఎండి అంటుకుని ఉన్నాయి. అవి లోపలికి జారితే చాలు, వాటిని పట్టుకుని మిగతాదీ పలుకు కడుతుంది. తడిగుడ్డతో అంచులు తుడుస్తూ కాచమన్నాను. మొన్న ఫోన్ చేశాడు, నిలుస్తోందట.

మనం కలిసే రోజు సాయంత్రం నాలుగింటికి తమ్ముడు మైసూర్‌పాక్ పళ్ళెం దించుతాడు, నలభై మందిమి అని చెప్పి వచ్చాను. విరిగిన అంచు బల్ల పాకాల బ్యాచ్‌కే.