గచ్చిబౌలి జట్టుకు ఆరేళ్ల ఆయుష్షు

మా విజయవాడలో సాయంత్రం పూట ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకోవడానికి మనిషి దొరకడం కష్టం. అందుకే 2019 ఆగస్టులో హైదరాబాద్ పేరుతో ఒక జట్టు ఇండియన్ సూపర్ లీగ్‌లోకి వస్తోందని తెలిసినప్పుడు, రాష్ట్రం వేరైనా, దాన్ని మన జట్టుగానే లెక్క వేసుకున్నాను. ఆ హైదరాబాద్ ఎఫ్‌సీ ఇప్పుడు లేదు. దాని కథను నాకు తెలిసినంతలో రాసి పెట్టాలనిపించింది.

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ కొత్తేమీ కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో 4వ స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలుచుకుంది. అయితే కొత్త జట్టు ఆ వారసత్వంలోంచి పుట్టింది కాదు. 2014 నుంచి ఆడుతున్న ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడగా, లీగ్‌లో దాని స్థానం హైదరాబాద్‌కు దక్కింది. అక్టోబరులో పోటీలు మొదలయ్యేనాటికి జట్టును సమకూర్చుకోవడానికి రెండు నెలల వ్యవధి కూడా మిగలలేదు. కోల్‌కతాలో ఆడిన మొదటి మ్యాచ్‌లో 5-0 తేడాతో ఓడిపోవడానికి ఆ తొందరపాటు కూడా ఒక కారణమని నేను నమ్ముతాను.

సొంత మైదానంలో మొదటి మ్యాచ్ నవంబరు 2, శనివారం. తెలంగాణలో ఆర్టీసీ సమ్మె నడుస్తున్న రోజులు కావడంతో, పదేళ్ల మా అక్క కొడుకును వెంటబెట్టుకుని రైల్లో సికింద్రాబాద్ దిగి, ఆటోలు మారుతూ గచ్చిబౌలి బాలయోగి స్టేడియం చేరుకున్నాను. గేటు బయట వాడికి మన జట్టు రంగైన పసుపు కండువా ఒకటి కొనిపెట్టాను. కేరళ బ్లాస్టర్స్ ముందు గోల్ చేసింది, తరవాత మన ఆటగాడు స్టాంకోవిచ్ పెనాల్టీతో లెక్క సమం చేశాడు. 81వ నిమిషంలో మన మార్సెలీనో ఫ్రీ కిక్ తీసుకోబోతుంటే మావాడు కండువా కొసను పళ్ల మధ్య బిగించి, కుర్చీ మీద నిలబడ్డాడు. బంతి వలలో పడ్డాక వాడు అరిచిన అరుపుకు ముందు వరుసలోని పెద్దాయన వెనక్కి తిరిగి, కోప్పడకుండా, వాడి చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ సీజన్‌లో జట్టు గెలిచినవి 2 మ్యాచ్‌లే, నిలిచింది అట్టడుగున. అయినా మావాడికి అది పట్టలేదు.

తరవాతి రెండు సీజన్లూ కోవిడ్ వల్ల గోవాలోనే జరిగాయి. మనోలో మార్కెజ్ శిక్షకుడిగా వచ్చాక, ఆకాశ్ మిశ్రా, ఆశీష్ రాయ్ వంటి కుర్రవాళ్లకు ధైర్యంగా అవకాశాలిచ్చి, ఆ జట్టును చూడముచ్చటగా మార్చాడు. 2021-22లో జట్టు స్ట్రైకర్ ఒగ్బెచే 18 గోల్స్ చేశాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో మళ్లీ కేరళతోనే ఫైనల్. ఓటమి ఖాయమనుకున్న వేళ 88వ నిమిషంలో సాహిల్ టవోరా దూరం నుంచి కొట్టిన బంతి గోలయి స్కోరు 1-1కి చేరింది. మ్యాచ్ సమంగా ముగిశాక పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి అడ్డుగోడలా నిలవడంతో హైదరాబాద్ 3-1తో కప్పు గెలిచింది. ఆ రోజు స్టేడియం నిండా కనిపించిన పసుపు రంగు మాత్రం చాలావరకు కేరళ అభిమానులది. మనవాళ్లు టీవీల ముందున్నారు, మా ఇంట్లో మేమిద్దరం ఉన్నట్టే.

నా బాధ ఇక్కడే ఉంది. ఆ క్లబ్బు అత్యుత్తమంగా ఆడిన కాలంలో దాని ఊరి జనం దాన్ని కళ్లారా చూడలేకపోయారు. గచ్చిబౌలికి ఆట తిరిగి వచ్చేసరికి 2022 అక్టోబరు అయింది. ఆ సీజన్‌లోనూ 42 పాయింట్లతో 2వ స్థానంలో నిలిచింది. కానీ జనానికి ఆ జట్టు అలవాటయ్యేలోపే డబ్బు కరువైంది. మార్కెజ్ గోవా జట్టుకు, మిశ్రా ముంబయికి వెళ్లిపోయారు. ఆటగాళ్ల బకాయిలు తీర్చకపోతే కొత్తవారిని నమోదు చేసుకోనివ్వకుండా ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిషేధం విధిస్తుంది, అదే జరిగింది. జీతాలందని విదేశీ ఆటగాళ్లు మధ్యలోనే వెళ్లిపోయారు. మిగిలిన కుర్రవాళ్లు 2023-24లో 22 మ్యాచ్‌లాడి ఒకే ఒక్కటి గెలిచారు, చేతికందినవి 8 పాయింట్లు. గెలిచే ఆశ లేకపోయినా ఆ పిల్లలు ప్రతి మ్యాచ్‌కూ వచ్చి చివరి నిమిషం దాకా పరిగెత్తారు. కప్పు గెలిచినవాళ్లకెంత గౌరవమిస్తానో వాళ్లకూ అంతే ఇస్తాను.

“మామయ్యా, మనవాళ్లంతా ఏమైపోయారు?” అని టీవీ ముందు మావాడు అడిగిన ప్రశ్నకు ఆ ఏడాది నేను బదులు చెప్పలేకపోయాను. 2024లో యాజమాన్యం మారింది, 2025లో క్లబ్బు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ పేరుతో రాజధానికి తరలిపోయింది.

ఆ వార్త చదివిన రోజు మా అక్క ఇంట్లో అలమర తెరిస్తే పసుపు కండువా కనిపించింది, దాని కొసన పంటి గాట్లకు దారాలు లేచి ఉన్నాయి. 2019లో మేం సంబరపడుతున్నప్పుడు పుణెలో కూడా ఎవరో ఒకరు ఇలాగే తమ కండువాను మడిచి లోపల పెట్టుకుని ఉంటారన్న ఆలోచన నాకు అప్పుడే మొదటిసారి వచ్చింది.