ఆదివారం సాయంత్రం, ఎం.వి.పి. కాలనీ

రాలేదని మేమందరం అనుకుంటూ వచ్చిన 50,000 రూపాయలు ఎండాకాలంలోనే వచ్చి ఒక ఖాతాలో పడి ఉన్నాయని ఈ మధ్యాహ్నం తెలిసింది. అది ప్రగతి ఉపకారవేతనం డబ్బు. దాన్ని అందుకోవలసిన అమ్మాయి పాడేరు అవతల ఒక ఊరి నుంచి వచ్చి విశాఖలో ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. ఈ నెలలు ఆ ఇంట్లో ఎలా గడిచాయో తెలుసు కాబట్టి, తెర మీద ఆ అంకె చూసినప్పుడు నాకు సంతోషం కన్నా ముందు కోపమే వచ్చింది.

కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన తరువాత, నాలాంటి స్నేహితురాళ్ళం కొందరం కలిసి, ఊళ్ళ నుంచి ఇక్కడికి వచ్చి చదువుకుంటున్న ఆడపిల్లలకు వెన్నుదన్నుగా ఉందామని అనుకున్నాం. మా చేతి నుంచి వెళ్ళే డబ్బు తక్కువే; పరీక్ష ఫీజు గడువు మీద పడ్డప్పుడో, హాస్టల్ మెస్ బిల్లు కట్టలేనప్పుడో సర్దుతాం. ఎక్కువగా చేసేది పక్కన కూర్చోవడం: దరఖాస్తు నింపేటప్పుడు, ఆఫీసుకు వెళ్ళవలసి వచ్చినప్పుడు, ఏ కోర్సు తరువాత ఏం చదవాలో తేలనప్పుడు. ఆదివారాలు మా ఇంటి ముందు గదిలో చాప పరిచి ఉంటుంది. పిల్లలు వస్తారు, సాయంత్రం దాకా ఉంటారు.

ప్రగతి ఉపకారవేతనాన్ని అఖిల భారత సాంకేతిక విద్యా మండలి ఆడపిల్లలకే ఇస్తుంది. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల రూపాయలు దాటకూడదు. ఒక ఇంటి నుంచి ఇద్దరు అమ్మాయిల వరకు తీసుకోవచ్చు. ఏడాదికి 50,000 రూపాయల చొప్పున చదువు పూర్తయ్యేదాకా ఇస్తారు కానీ, పై తరగతికి వెళ్ళినట్టు కాగితం చూపించి ప్రతి ఏడూ రెన్యువల్ చేయించుకోవాలి. ఈ అమ్మాయి మొదటి ఏడాది దరఖాస్తు ఏ లోపమూ లేకుండా చేసింది, మంజూరైనట్టు పోర్టల్‌లో కనిపించింది, ఆ తరువాత డబ్బు జాడ లేదు. కళాశాలలో అడిగితే తమ వైపు నుంచి ధ్రువీకరించి పంపేశామన్నారు. ఖాతా ఉన్న బ్యాంకులో అడిగితే తమకు ఏమీ జమ కాలేదన్నారు. ఇద్దరూ చెప్పింది నిజమే. ఎవరి కంప్యూటరులో కనిపించింది వారు చెప్పారు. ఆ అమ్మాయి వైపు నిలబడి మొదటి నుంచి చివరి దాకా చూసే మనిషే ఈ ఏర్పాటులో లేడు.

ప్రభుత్వం నేరుగా జమచేసే ఇలాంటి సొమ్ము చాలావరకు ఖాతా నంబరును బట్టి కాకుండా ఆధార్‌ను బట్టి వెళ్తుంది. ఆధార్‌ను చివరిసారిగా ఏ బ్యాంకుకు అనుసంధానించారో అక్కడికే చేరుతుంది. ఆ బ్యాంకు ఏదో ఆధార్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు, అయితే ఆధార్‌లో నమోదైన ఫోనుకు వచ్చే ఓటీపీ చెప్పాలి. ఆ నంబరు వాళ్ళ నాన్నది. ఫోను ఊళ్ళో ఉంటుంది, ఇంటి దగ్గర సిగ్నల్ ఉండదు, రోడ్డు మలుపు దాకా ఎక్కి వస్తేనే మాట వినిపిస్తుంది. ఆయన పనులు చూసుకుని అక్కడికి వచ్చేసరికి మూడు దాటింది. మొదటి ఓటీపీ ఆయన పక్కనున్న కుర్రవాడి చేత చదివించేలోపే గడువు అయిపోయింది. రెండోసారి ఆ కుర్రవాడే ఫోను పట్టుకుని ఒక్కొక్క అంకె గట్టిగా చెబుతుంటే, ఈ అమ్మాయి తనలో తాను పలుకుతూ ఒక్కొక్కటీ నొక్కింది. చాప మీద ఉన్న మిగతా పిల్లలు మాటలు ఆపేసి ఆమె చేతి వైపే చూస్తున్నారు.

తెర మీద కనిపించిన బ్యాంకు పేరు ఆమె పాసుపుస్తకం మీద ఉన్నది కాదు. కాసేపు దాన్నే చూసి, "సిమ్ తీసుకున్న రోజు, మేడమ్" అంది. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒక దుకాణంలో సిమ్ కార్డు కొన్నప్పుడు వేలిముద్ర రెండుసార్లు వేయించుకున్నారట. మొదటిది సరిగా పడలేదేమో అనుకుని ఆమె రెండోది వేసింది. ఆ రెండో ముద్రతో ఆమె పేరు మీద ఒక ఖాతా తెరుచుకుంది, ఆధార్ అనుసంధానం కూడా అటు మారిపోయింది. అదే సిమ్ ఉన్న ఫోనులో ఆ బ్యాంకు యాప్ దించుకుని తెరిస్తే మొత్తం సొమ్ము అక్కడ ఉంది. పాసుపుస్తకం లేదు, ఆ ఖాతా గురించి ఎప్పుడూ ఒక కాగితం కూడా ఇంటికి రాలేదు.

ఈలోగా వాళ్ళమ్మ డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుని ఫీజు బకాయి కొంత కట్టింది. ఆ వాయిదాలు పసుపు అమ్మిన డబ్బులో నుంచి పోతున్నాయి. నాన్న ఒకసారి, "ఈ ఏడు ఇంటికాడ ఉండు, పై ఏడు సూద్దాం" అన్నారట. ఆయన కూతురి చదువు వద్దనే మనిషి కాదు. ఈ రోజు ఫోనులో నాతో, "మాకేటి తెలుస్తాదమ్మా, మీరే దగ్గరుండి సూడండి" అన్నప్పుడు ఆ గొంతులో ఉన్నది నిస్సహాయతే. కానీ నేను ఇన్నేళ్ళుగా చూస్తున్నది ఒకటుంది. డబ్బు ఆలస్యమైతే కొడుకు విషయంలో ఎక్కడ అప్పు పుడుతుందా అని ఆలోచించే ఇల్లే, కూతురి విషయంలో ఒక ఏడు ఆగితే ఏమవుతుందిలే అనుకుంటుంది. ఆగిన ఆ ఏడాదిలోనే సంబంధాలు వస్తాయి. అందుకే ఆడపిల్లల ఉపకారవేతనం ఎంత అన్నదానితో పాటు ఏ నెలలో చేతికి అందింది అన్నది కూడా అంతే ముఖ్యమని నేను అడిగిన వారికీ అడగని వారికీ చెబుతూనే ఉంటాను.

అప్పుడప్పుడు ఈ పిల్లలకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గురించి చెబుతాను. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేసినా పెద్దయ్యాక ఆ కాపురానికి వెళ్ళనని చెప్పేసి, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళివచ్చి, ఆ తరువాత మెట్రిక్ కట్టి, 1930వ దశకంలో ఇదే ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రాజనీతిశాస్త్రం చదివిన మనిషి ఆమె. 1958లో జాతీయ మహిళా విద్యా కమిటీకి అధ్యక్షురాలైంది కూడా ఆమే. మధ్యలో ఆగిన చదువును మళ్ళీ అందుకోవచ్చని వీళ్ళకు తెలియాలని చెబుతాను. ఆగకుండా చూసుకోవడం ఇంకా మంచిదని ఆ వెంటనే అంటాను.

ఈ రోజు ఎక్కువ సేపు పట్టిన రెండో పని ఉత్తరం. బి.ఎస్సీ. చదువుతున్న ఇంకో అమ్మాయి, అనకాపల్లి దగ్గరి ఊరిది, ఇన్‌స్పైర్ ఉపకారవేతనం తీసుకుంటోంది. ఇంటర్ బోర్డు ఫలితాల్లో పై ఒక శాతంలో ఉండి మౌలిక శాస్త్రాలు చదివేవారికి కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఇచ్చేది అది. ఏడాదికి 80,000 రూపాయలు. అందులో 60,000 చేతికి వస్తుంది. మిగిలిన 20,000 వేసవిలో ఒక శాస్త్రవేత్త దగ్గరో అధ్యాపకుల దగ్గరో చేసే పరిశోధనకు. నాకు తెలిసిన పథకాలన్నిటిలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఈ 20,000 భాగమే, ఎందుకంటే అది డబ్బుతో పాటు ఒక మనిషిని కూడా వెతుక్కోమంటుంది. కానీ ఆ మనిషిని వెతుక్కోవడం ఎలాగో ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషి తానే. సైంటిస్టు అన్నవారిని దూరం నుంచి కూడా చూడలేదు.

జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం లాసన్స్ బేలో ఉంది, మా ఇంటికి దూరం కాదు. "అక్కడ నాలాంటిదానితో మాట్లాడతారా, మేడమ్?" అని అడిగింది. తీర నీటిలో పోషక లవణాల గురించి పని చేసే విభాగం ఏదో ముందు చూడమన్నాను, వాళ్ళు ప్రచురించిన ఒక పరిశోధన పత్రం తెరిచి ఇద్దరం చదివాం. అర్థం కాని చోట గీత గీసుకోమన్నాను. ఆమె మొదట రాసిన ఉత్తరం నిండా వినయమే ఉంది. తాను ఎవరో, ఏం చదివిందో, ఏ నెలల్లో రాగలదో లేదు. రెండోసారి రాసినదానిలో గౌరవ వాచకాలు తగ్గాయి, తాను ప్రయోగశాలలో క్లోరైడు, నైట్రేటు పరీక్షలు చేసిన సంగతి వచ్చింది, ఆ పత్రంలో ఒక పట్టిక గురించి ఒక ప్రశ్న వచ్చింది. ఆ ప్రశ్న నాది కాదు, పూర్తిగా ఆమెదే. నాకు కూడా దానికి జవాబు తెలియదు. పంపే ముందు తన పేరు కింద కళాశాల పేరు కొట్టేసి మళ్ళీ రాసి, చివరికి పంపింది. జవాబు రాకపోతే విశ్వవిద్యాలయంలో ఇంకో ఇద్దరికి రాయడానికి పేర్లు కూడా రాసి పెట్టుకున్నాం.

ఇంజినీరింగ్ అమ్మాయి పని రేపటి నుంచి. పొద్దున్నే నేనూ వెళ్ళి, ఆధార్‌ను ఆమె అసలు ఖాతాకు మళ్ళీ అనుసంధానం చేయమని బ్యాంకులో ఫారం ఇవ్వాలి. ఆ తరువాతనే రెన్యువల్‌కు కళాశాల నుంచి బోనఫైడ్, పై తరగతికి వెళ్ళిన సర్టిఫికెట్ తీసుకోవాలి. ముందు సంఘం అప్పు తీర్చేస్తానని ఆమే అంది. వెంటనే ల్యాప్‌టాప్ కొనుక్కో అని నేను చెప్పబోయి, ఆ లెక్క ఆమె చేతిలోనే ఉండాలనిపించి ఊరుకున్నాను.

పిల్లలు వెళ్ళాక మా స్నేహితురాలితో ఫోనులో చాలాసేపు మాట్లాడాను. మేము పిల్లలను కలిసేసరికే ఆలస్యమవుతోందన్నది ఆమె మాట, నా మాట కూడా. ప్రగతికి మొదటి సంవత్సరంలో, డిప్లొమా మీద నేరుగా చేరినవారైతే రెండో సంవత్సరంలో దరఖాస్తు చేయాలి. ఆ ఏడాది తప్పితే ఇంక లేదు. కేంద్ర ప్రభుత్వం ఇంటర్ మార్కుల మీద ఏటా 82,000 మందికి ఇచ్చే ఉపకారవేతనాల్లో సగం ఆడపిల్లలకే, డిగ్రీలో ఏడాదికి 12,000 రూపాయలు వస్తుంది, కానీ ఆ సంగతి ఇంటర్ పాసైన ఎందరు అమ్మాయిలకు చేరుతోంది? చెప్పవలసింది ఇంటర్ రెండో ఏడాది క్లాసురూములో. ఆధార్‌లో ఉన్న నంబరు ఎవరిది, ఆ ఆధార్ ఏ బ్యాంకుకు అనుసంధానమై ఉంది, సచివాలయంలో ఆదాయ ధ్రువీకరణ ఎప్పుడు అడగాలి అన్నవి అక్కడే చూసి పంపాలి.

అందుకని సంక్రాంతి సెలవులకు ముందే పాడేరు వెళ్ళి, అక్కడి జూనియర్ కళాశాలల్లో ప్రిన్సిపాళ్ళను కలుద్దామని నిర్ణయించుకున్నాం. ఆ ఇంజినీరింగ్ అమ్మాయికి ఈ సంగతి ఇప్పుడే ఫోను చేసి చెబితే, తానూ వస్తానని, లోపలి ఊళ్ళ పిల్లలకు వాళ్ళ మాటలో చెబితేనే తలకెక్కుతుందని అంది. పరీక్షల తేదీలు చూసుకుని చెప్పమన్నాను. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి పొద్దున మొదటి పాడేరు బస్సు ఎన్నింటికో కనుక్కునే పని కూడా ఆమెకే అప్పగించాను.