చేతివాచీ 10.8

ఆదివారం, ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి.

పొద్దున్న మైదానంలో కుర్రాళ్ల వంద మీటర్లు. సున్నం గీతలు, ఒడియా తెలుగు కలిసిన కేకలు, గమ్యం దగ్గర ముగ్గురు మాస్టర్లు, మూడు చేతివాచీలు, అంటే చేత్తో నొక్కే స్టాప్‌వాచీలు. కాఫీ తాగేలోపే ఓ పరుగు ఛానెల్ రీలు వదిలేసింది: "10.8! గజపతి మెరుపు!" గాలెంత, ఏ వాచీ, ఎలా స్టార్ట్ చేశారు అన్నది ఒక్క ముక్క లేదు.

చేతివాచీ పట్టినవాడు పిస్టల్ పొగ చూసి నొక్కాలి. చప్పుడు వంద మీటర్లు దాటి రావడానికే దాదాపు 0.29 సెకను పడుతుంది, దాని కోసం ఆగితే టైము అంత ఉత్తినే తగ్గిపోతుంది. ఆపేది ఛాతీ గీత దగ్గరికి చేరినప్పుడు. ముందుకు చాచిన తలా చెయ్యీ లెక్కలోకి రావు. మూడు వాచీల్లో రెండు ఒకటే చూపిస్తే అదే టైము, మూడూ వేరైతే మధ్యది. ఆపైన పదో వంతుకు పైకే సవరించాలి: 10.71 అయినా 10.8 అనే రాయాలి. ఎలక్ట్రానిక్ టైముతో పోల్చాలంటే వాడుకలో 0.24 కలుపుతారు. అలా చూస్తే ఇది 11.04. పైగా ఇవాళ పిస్టల్ కూడా లేదు, చెక్క క్లాపర్. అంత దూరంలో చెక్కలు కలవడం ఎవరికి కనబడుతుంది? చప్పుడుకే నొక్కి ఉంటే 11.3 దగ్గరికి పోతుంది. మంచి పరుగే, మెరుపు మాత్రం కాదు.

గాలి సంగతి ఇంకా కచ్చితం. గమ్యానికి 50 మీటర్ల ముందు, 1.22 మీటర్ల ఎత్తున గాలి మీటరు పెట్టి పది సెకన్లు కొలవాలి, వెనక నుంచి సెకనుకు 2.0 మీటర్లు దాటితే రికార్డు లేదు. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో వంద మీటర్ల హర్డిల్స్ 13.09లో దాటింది. గాలి 2.1. అంతే, పోయింది. అంతకుముందు 2020లో పరిగెత్తిన 13.03 డోప్ పరీక్ష జరగలేదని లెక్కలోకే రాలేదు. చివరికి 2022 మే 10న సైప్రస్‌లోని లిమాసోల్‌లో 13.23తో, అంటే ఆ రెండిటికన్నా నెమ్మదైన టైముతో, అనురాధా బిస్వాల్ 2002 నాటి 13.38 జాతీయ రికార్డును చెరిపేసింది. అనురాధది ఒడిశా కాబట్టి మా ఊళ్లో ఎటు చూసినా మనవాళ్లే.

ఇవన్నీ ఛానెళ్లవాళ్లకి తెలియక కాదు. క్రికెట్ పోగా పేపర్లో మిగిలే మూల ఎంత? పరిగెత్తేవాళ్లకి ఈ ఛానెళ్లే దిక్కు, ఛానెళ్లకి వీళ్లే సరుకు. గాలెంతని అడిగితే కోచ్ మొహం మాడ్చుకుంటాడు, వచ్చే పోటీకి కబురు పెట్టడు. పొగిడితే వాళ్లే రీలు పంచుకుంటారు.

పెద్ద స్థాయిలోనూ ఇదే గొడవ. 2024 అక్టోబర్‌లో షికాగోలో కెన్యా అమ్మాయి రూత్ చెప్నగెటిచ్ మారథాన్ 2:09:56లో ముగించింది, ఆడవాళ్ల పాత ప్రపంచ రికార్డు మీద దాదాపు రెండు నిమిషాలు తక్కువ. పరుగు వార్తలే రాసే ఒకాయన, జనం అనుమానిస్తే ఏమంటారని ఆమెనే అడిగాడు. మర్యాద లేదని దుమ్మెత్తిపోశారు. ఆమె 2025 మార్చి శాంపిల్లో నిషిద్ధ మందు దొరికి, అక్టోబర్‌లో మూడేళ్ల నిషేధం పడింది. శాంపిల్ తర్వాతది గనక ఆ తీర్పు షికాగో రికార్డును ముట్టుకోలేదు. కాబట్టి అడిగినాయన గెలిచాడనీ అనను. అడగడం మాత్రం అతని పని.

మన రీలు కింద ఇంత పురాణం అక్కర్లేదు. "చేతివాచీ 10.8, క్లాపర్ స్టార్ట్, గాలి కొలవలేదు." మెరుపు తీసేస్తే అంత చోటు ఉంటుంది.