అమ్మ దగ్గు వెనక ఏముందో తెలియడానికి ఐదు నెలలు పట్టింది

అమ్మకు సంక్రాంతి పండగలో దగ్గు పట్టుకుంది. పొడి దగ్గు. మిరియాల కషాయం, పసుపు పాలు, సిరప్పులు అన్నీ అయ్యాయి. తెమడలో రక్తం పడలేదు, జ్వరం లేదు, అందుకే ఎవరం పెద్దగా పట్టించుకోలేదు. ఫిబ్రవరి చివర్లో ఎక్స్‌రే తీయిస్తే కుడి ఊపిరితిత్తిలో మచ్చ కనిపించింది. మా ఊరి డాక్టర్‌గారు టీబీ అన్నారు. తెమడ పరీక్ష రెండుసార్లూ నెగటివ్ వచ్చినా టీబీ మందులే మొదలుపెట్టారు.

రోజూ పరగడుపున మాత్రలు. మూత్రం నారింజ రంగులో వస్తోందని అమ్మ భయపడితే, మందు వల్లేనని సర్దిచెప్పేదాన్ని. రెండు నెలలు గడిచినా దగ్గు తగ్గలేదు. కుడి భుజం లోపల్నుంచి లాగుతున్నట్టు నొప్పి. బరువు ఆరు కిలోలు తగ్గింది, చేతి గాజులు మోచేతి దాకా జారిపోయేవి. టీబీ మచ్చ, క్యాన్సర్ మచ్చ ఎక్స్‌రేలో ఒకేలా కనిపించొచ్చని ఇప్పుడు నాకు తెలుసు. కానీ తెమడలో క్రిమి దొరకలేదు, మందుకు జబ్బు లొంగలేదు. అప్పుడే సీటీ స్కాన్ తీయిద్దామని గట్టిగా అడగాల్సింది. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాగే నడుస్తుంటే దయచేసి అడగండి.

జూన్‌లో అమ్మ పడుకోలేకపోయింది. వెల్లకిలా పడుకుంటే ఆయాసం, గోడకు ఆనుకుని కూర్చునే తెల్లవార్లూ గడిపేది. హైదరాబాద్ తీసుకెళ్తే ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందన్నారు. అమ్మను ముందుకు వంచి, బల్ల మీద దిండుకు తల ఆనించి కూర్చోబెట్టారు. వీపులోంచి సూది పెట్టి లీటరుకు పైగా నీరు తీశారు. పల్చటి రక్తం రంగులో ఉంది. నా చేతులు పట్టుకుని, "ఇప్పుడు గాలి ఆడుతోందమ్మా" అంది. ఆ నీటిలోనే క్యాన్సర్ కణాలు దొరికాయి. నీటిలో కణాలున్నాయంటే నాలుగో స్టేజ్ అనే లెక్క, ఆపరేషన్ కుదరదన్నారు.

"మీ నాన్న సిగరెట్లు తాగేవాడా?" అని చుట్టాలందరూ అడిగారు. మా ఇంట్లో ఎవరికీ ఆ అలవాటు లేదు. ముప్పై ఏళ్లు అమ్మ కట్టెల పొయ్యి మీద వండింది. ఆ పొగ కూడా ఒక కారణం కావచ్చు గానీ, ఒక మనిషి విషయంలో ఇదే కారణమని చెప్పలేమన్నారు డాక్టర్. పొగ తాగనివాళ్లకు, అందులోనూ ఆడవాళ్లకు ఎక్కువగా వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్ రకం అడినోకార్సినోమా. అమ్మది అదే.

ముక్క పరీక్ష, క్యాన్సర్ ఒంట్లో ఎక్కడెక్కడ ఉందో చూసే పెట్ స్కాన్, మెదడుకు ఎంఆర్ఐ. పెట్ స్కాన్‌కు ఆరు గంటలు ఏమీ తినకూడదు. ఇంజక్షన్ ఇచ్చి గంటసేపు ఒంటరిగా, కదలకుండా పడుకోబెట్టారు. ఆ ఇంజక్షన్‌లో రేడియేషన్ ఉంటుంది కాబట్టి ఆ రోజు చిన్నపిల్లల్ని దగ్గరకు రానివ్వద్దని చెప్పడంతో, మూడేళ్ల మనవరాలు ఏడుస్తున్నా అమ్మ తలుపు తీయలేదు.

అన్నిటికంటే కష్టమైంది జీన్ పరీక్ష ఫలితం కోసం ఎదురుచూడటం. రెండు వారాలు పట్టింది. "ఇంకా కీమో మొదలుపెట్టలేదేంటి?" అని బంధువుల ఫోన్లు, నాకేమో ఒకటే టెన్షన్. కానీ డాక్టర్ తొందరపడలేదు, అదే మంచిదైంది. ఈజీఎఫ్ఆర్ జీన్‌లో మార్పు ఉందని తేలింది. ఆ మార్పు వల్ల పెరగమనే సంకేతం కణాలకు ఆగకుండా అందుతుంటుంది, దాన్ని అడ్డుకునే మాత్రలున్నాయి. మొదట చెప్పిన కొత్త మందు ధర మా వల్ల కాదు. అదే పని చేసే జెఫిటినిబ్ అనే మందు జెనరిక్‌లో అందుబాటు ధరకు దొరికింది, రోజుకు 250 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి.

నెలలోపే దగ్గు సగానికి తగ్గింది. ముఖమంతా మొటిమల్లా పొక్కులు, విరేచనాలు, గోళ్ల అంచుల్లో పుండ్లు వచ్చాయి. గిన్నెలు తోమనివ్వడం మానేశాం. ఇది జబ్బును అదుపులో పెట్టే మందే, పూర్తిగా పోగొట్టేది కాదని, కొంతకాలానికి మందుకు జబ్బు అలవాటు పడిపోవచ్చని డాక్టర్ ముందే చెప్పారు. అమ్మకూ ఆ మాట దాచకుండా చెప్పాం.

ఇప్పటికి పద్నాలుగు నెలలైంది. మూడు నెలలకోసారి స్కాన్. వచ్చే సోమవారం మళ్లీ ఉంది. ఫైల్లో రిపోర్టులన్నీ తేదీల వరుసలో పెట్టాను, అన్నిటికంటే కింద ఆ మొదటి ఎక్స్‌రే ఉంది.