ఫ్రాంక్‌ఫర్ట్ ఫ్లైట్, బెంగళూరులో జాగారం

బెంగళూరు రెండో టెర్మినల్‌లో వెదురు పందిళ్లు, వేలాడే మొక్కలు చూస్తూ గంటో రెండు గంటలో ఇట్టే గడిపేయొచ్చు. అందుకే అర్ధరాత్రి దాటాక ఫ్రాంక్‌ఫర్ట్ ఫ్లైట్ ఆలస్యమని చెప్పినా ఎవరూ కంగారుపడలేదు. టైమ్ మళ్లీ మళ్లీ మార్చి, చివరికి ఉదయం తొమ్మిది దాటాకే అన్నప్పుడు మాత్రం కౌంటర్ చుట్టూ మూగారు.

"ఇంజిన్‌లో టెక్నికల్ ప్రాబ్లమ్ సార్" అంది కౌంటర్‌లోని అమ్మాయి. అదే మాట మెయిల్‌లో పంపమన్నాను. కారణం బట్టే డబ్బు వస్తుందా రాదా అన్నది తేలుతుంది. తుఫానో, పొగమంచో అయితే పరిహారం ఉండదు. విమానం పాడైతే మాత్రం, యూరప్ కోర్టు తీర్పుల ప్రకారం, సాధారణంగా అది ఎయిర్‌లైన్ బాధ్యతే.

మాది యూరప్ ఎయిర్‌లైన్ కావడం కలిసొచ్చింది. 2005 నుంచి అమల్లో ఉన్న యూరోపియన్ యూనియన్ 261 నిబంధన యూరప్ కంపెనీ విమానానికి ఇక్కణ్ణుంచి వెళ్లేటప్పుడూ వర్తిస్తుంది. 3,500 కిలోమీటర్లు దాటిన ప్రయాణంలో నాలుగు గంటలు, అంతకు మించి ఆలస్యంగా చేరితే మనిషికి 600 యూరోలు. అదే రాత్రి దుబాయ్ మీదుగా గల్ఫ్ కంపెనీలో వెళ్లి ఉంటే ఈ రూలు అసలు వర్తించదు. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రూల్లో ఆలస్యానికి నగదు పరిహారం లేదు. రాత్రి 8కీ తెల్లవారుజామున 3కీ మధ్య వెళ్లాల్సిన ఫ్లైట్ ఆరు గంటలు మించి ఆలస్యమైతే హోటల్ గది ఇవ్వాలని మాత్రం ఉంది.

హోటల్ ఇచ్చారు. కానీ ఇమిగ్రేషన్ అయిపోయింది కదా, పాస్‌పోర్టులో పడిన ముద్ర రద్దు చేయించుకుంటే గానీ బయటికి వెళ్లలేం. నా పక్కన అనంతపురం నుంచి వచ్చిన పెద్దాయన, ఆయన భార్య ఉన్నారు. హాంబర్గ్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్తున్నారు.

"ముద్ర కొట్టేసినాక బయటికి పోతే మళ్లా లోపలికి రానిస్తారా నాయనా?"

"రానిస్తారు పెద్దాయనా, మళ్లీ ముద్ర వేస్తారు, అంతే."

ఆయన నమ్మలేదు. హోటల్ వద్దని ఇద్దరూ కుర్చీల్లోనే కూర్చున్నారు. భోజనం కూపన్లు కూడా నేనే అడిగి తెచ్చిచ్చాను. అడక్కపోతే ఎవరూ పిలిచి ఇవ్వరు. అన్నట్టు, రెండు ఫోన్లో, లేదంటే రెండు పాతకాలపు టెలెక్స్ సందేశాలో ఉచితంగా చేసుకోవచ్చని కూడా ఆ యూరప్ రూల్లో ఉంది. మన పెద్దాయనకు టెలెక్స్ దేనికి!

హాంబర్గ్ టికెట్ కూడా అదే బుకింగ్‌లో ఉంది కాబట్టి, ఆలస్యాన్ని హాంబర్గ్ చేరిన టైమ్‌తోనే లెక్కిస్తారు. ఇద్దరికీ విడివిడిగా అడగాలని, బోర్డింగ్ పాసులు పారేయొద్దని వాళ్ల అమ్మాయికి ఫోన్లో చెప్పాను.

ఇంటికొచ్చాక ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లో అర్జీ పెట్టాను. ముందు వోచర్ ఇస్తామన్నారు. ప్రయాణికుడు సంతకం పెట్టి ఒప్పుకుంటే తప్ప వోచర్ చెల్లదు. డబ్బే కావాలని రాస్తే కొన్ని వారాలకు బ్యాంకులో పడింది.

ఈసారి టికెట్ కొనేటప్పుడు వెళ్లడానికి యూరప్ కంపెనీనే చూస్తాను. తిరుగు ప్రయాణం యూరప్ నుంచి మొదలవుతుంది కాబట్టి ఏ దేశం కంపెనీ అయినా రూలు వర్తిస్తుంది. అప్పుడు చవకైనదే ఎక్కుతాను.