డేట్ దాటిందంటే ఏ డేట్?

నాకు నెలసరి ఏనాడూ అనుకున్న తేదీకి వచ్చిన పాపాన పోలేదు. అందుకే ప్రెగ్నెన్సీ టెస్ట్ కిట్ డబ్బా మీద 'పీరియడ్ రావాల్సిన తేదీ దాటాక టెస్ట్ చేసుకోండి' అని కనిపిస్తే నవ్వొస్తుంది. నెలనెలా ఠంచనుగా వచ్చేవాళ్లకు ఆ మాట చాలు. నాలాంటి వాళ్లకు వేరే లెక్క కావాలి.

కలయిక జరిగిన మర్నాటికి కిట్‌కి ఏమీ తెలియదు. అండం విడుదలయ్యాక, పిండం గర్భసంచి గోడకు అతుక్కోవడానికే 6 నుంచి 12 రోజులు పడుతుంది. ఎక్కువమందికి 8 నుంచి 10 రోజుల మధ్య. గర్భం నిలిస్తే తయారయ్యే హెచ్‌సీజీ హార్మోన్ ఒంట్లో చేరడం మొదలయ్యేది ఆ తర్వాతే. కిట్ పట్టుకునేది దాన్నే. చాలా కిట్లలో గీత కనబడాలంటే మిల్లీలీటరు మూత్రంలో అది 20-25 మిల్లీ యూనిట్ల దాకా ఉండాలి. మొదట్లో రెండు మూడు రోజులకోసారి రెట్టింపవుతుంది కాబట్టి, ఇవాళ నెగెటివ్ వచ్చిన మనిషికే వారం తిరక్కుండా పాజిటివ్ రావచ్చు. కిట్ తప్పు కాదు, మన తొందర.

డేట్లు అటూ ఇటూ అయ్యేవాళ్లు చివరిసారి రక్షణ లేకుండా కలిసిన రోజు నుంచి 21 రోజులు ఆగి చేసుకుంటే ఫలితాన్ని నమ్మొచ్చు. నేను పట్టుకున్న లెక్క ఇదే. ఆ మూడు వారాలు ఎలా గడుస్తాయని మాత్రం నన్నడగకండి.

పొద్దున లేవగానే మొదటి మూత్రంతోనే చెయ్యాలా? డేట్ దగ్గర్లో ఉన్నప్పుడు అదే మంచిది, రాత్రంతా నిలవుంటుంది కాబట్టి చిక్కగా ఉంటుంది. డేట్ దాటి వారమయ్యాక అంత పట్టింపు అక్కర్లేదు. మూత్రం రావడం లేదని గటగటా నీళ్లు తాగి మాత్రం చెయ్యకండి, పలచబడిపోతుంది.

ఇక గీతల గొడవ. మా మరదలు ఒకసారి ఫొటో పంపి, "వదినా, ఇది గీతేనా, నా భ్రమా?" అంది. కిట్ పనిచేసిందని చూపే సి దగ్గర గులాబీరంగు గీత స్పష్టంగా ఉంది. ఫలితం చూపే టి దగ్గర రంగు లేకుండా, బూడిదగా, వెంట్రుక మందాన ఏదో ఉంది. "ఎప్పుడు చేశావే?" అంటే పొద్దునట, చెత్తబుట్టలోంచి తీసి మళ్లీ చూసిందట! తడి ఆరాక పడే జాడ అది, లెక్కలోకి రాదు. కిట్ మీద రాసిన టైములోపే, సాధారణంగా ఐదు నిమిషాల్లో, చూసెయ్యాలి. ఆ టైములో పడిన గీతకు రంగుంటే, ఎంత లేతగా ఉన్నా పాజిటివ్ కిందే లెక్క. సి దగ్గరే గీత లేకపోతే ఆ కిట్ పనికిరాదు, ఇంకోటి తీయాలి.

పిల్లల కోసం ట్రీట్‌మెంట్‌లో ఉండి హెచ్‌సీజీ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లు మాత్రం డాక్టర్ చెప్పిన రోజుదాకా ఆగాలి. ఆ మందే కొన్నాళ్లు గీత చూపిస్తుంది.

నెగెటివ్ వచ్చినా నెలసరి రాకపోతే, వారం ఆగి ఇంకోసారి చూడండి. అప్పటికీ తేలకపోతే రక్తపరీక్ష చేయిస్తారు. పాజిటివ్ వచ్చి, పొత్తికడుపులో ఒక పక్క గట్టిగా నొప్పి గానీ, రక్తస్రావం గానీ, భుజం చివర నొప్పి గానీ ఉంటే, కళ్లు తిరుగుతుంటే, ఇక కిట్లు కొనుక్కుంటూ కూర్చోవద్దు. గర్భం గర్భసంచిలో కాక ట్యూబులో నిలిచి ఉండొచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.