డెల్ బాయ్ పడ్డ తీరు

బ్రిటిష్ టీవీ కామెడీ మాటెత్తితే చాలామందికి ముందు ఆ వైన్ బార్ సీనే గుర్తొస్తుంది. 'ఓన్లీ ఫూల్స్ అండ్ హార్సెస్' అనే కామెడీ సీరియల్ హీరో డెల్ బాయ్ కౌంటర్‌కి ఆనుకుని నిలబడి ఉంటాడు. ఓ క్షణం నిటారుగా అవుతాడు. ఆ సందులో బార్ కుర్రాడు కౌంటర్ చివరి పలక పైకెత్తి బయటికొచ్చి, దాన్నలాగే వదిలేసి పోతాడు. డెల్ అది చూడడు. ఆడపిల్లల ముందు ఎంత దర్జాగా ఉండాలో స్నేహితుడు ట్రిగర్‌కి చెబుతూ మళ్లీ ఆనుకోబోయి, కొయ్యదుంగలా పక్కకి ఒరిగి మాయమైపోతాడు. 1989 జనవరిలో వచ్చిన ఎపిసోడ్ అది.

డెల్ వేషం వేసింది డేవిడ్ జేసన్. ఆ పడటంలో కష్టం దెబ్బ తగలడం కాదు, కౌంటర్ వెనక కెమెరాకి కనబడకుండా పరుపు వేసే ఉంచారు. మనిషి ఒరిగిపోతుంటే ఒళ్లు తనంతట తానే కాచుకుంటుంది, అసలు చిక్కు అక్కడుంది. కళ్లు పడేవైపు తిరుగుతాయి, చెయ్యి చాస్తాం, మోకాలు వంగుతుంది. వీటిలో ఏ ఒక్కటి కనబడినా, పలక లేదని ఇతనికి ముందే తెలుసని చూసేవాళ్లు పసిగట్టేస్తారు. ఇంక నవ్వేముంది? జేసన్ మాట మీదే ధ్యాస ఉంచి, నడుము వంచకుండా అలాగే వెళ్లిపోతాడు. రచయిత జాన్ సలివాన్ ఇలాంటిదే ఓ బార్‌లో కళ్లారా చూశాడు, కానీ ఆ మనిషి తూలి నిలదొక్కుకున్నాడు. పూర్తిగా పడాల్సిందేనన్నది జేసన్.

సగం నవ్వు ట్రిగర్ వేసిన రోజర్ లాయిడ్ ప్యాక్‌ది. ఇటు తిరిగి చూస్తే మనిషి లేడు. ఆ అయోమయం మొహం లేకపోతే అది ఉత్త పడటమే.

జేసన్ పుట్టింది 1940 ఫిబ్రవరి 2న, ఉత్తర లండన్‌లోని ఎడ్మంటన్‌లో. అసలు పేరు డేవిడ్ వైట్. నటుల సంఘంలో ఆ పేరుతో అప్పటికే ఒకరుండటంతో మార్చుకోవాల్సి వచ్చింది. ముందు ఎలక్ట్రీషియన్ పని నేర్చుకుని, తర్వాత నాటకాల్లోకి వచ్చాడు. 1968లో 'డాడ్స్ ఆర్మీ' అనే టీవీ కామెడీలో కార్పొరల్ జోన్స్ వేషం కొన్ని గంటలపాటు చేతికొచ్చి, క్లైవ్ డన్ అనే నటుడికి వెళ్లిపోయింది.

నటనలో అసలు చదువంతా హాస్యనటుడు రోనీ బార్కర్ దగ్గరే. బార్కర్ 1929లో పుట్టాడు, అంటే పదకొండేళ్లలోపే తేడా. అయినా 'ఓపెన్ ఆల్ అవర్స్' అనే టీవీ కామెడీలో ఆయన కొట్టు యజమాని, జేసన్ ఆయన కింద నలిగిపోయే మేనల్లుడు గ్రాన్‌విల్. జైలు కామెడీ 'పారిడ్జ్'లో అదే జేసన్ ముప్ఫైల్లో ఉండగానే ముసలి ఖైదీ బ్లాంకో. ఆ చదువులో ముఖ్యమైన పాఠం ఇది: జనం నవ్వుతుండగానే తర్వాతి మాట అనేస్తే అది వాళ్లకి వినబడదు, నవ్వు పూర్తిగా ఆరిందాకా ఆగితే సీన్ చల్లారిపోతుంది. నవ్వు దిగడం మొదలవగానే అందుకోవాలి. ఎదురుగా ప్రేక్షకుల్ని కూర్చోబెట్టి రికార్డు చేసే స్టూడియో కామెడీలో ఇది రాకపోతే నెగ్గలేరు.

డెల్ వేషానికి మొదట అనుకున్నది ఇతన్ని కాదు. నటుడు జిమ్ బ్రాడ్‌బెంట్‌ని అడిగితే ఆయనకి వీలుపడలేదు. నిర్మాత రే బట్ టీవీలో 'ఓపెన్ ఆల్ అవర్స్' పునఃప్రసారం చూసి జేసన్‌ని ఎంచుకున్నాడు. 'ఓన్లీ ఫూల్స్' 1981లో మొదలైనప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1996 డిసెంబర్ 29 ఎపిసోడ్‌ని మాత్రం 2 కోట్ల 43 లక్షల మంది చూశారు.

నన్నడిగితే బార్ సీన్ కన్నా అదే సీరియల్లో 1982లో వచ్చిన షాండ్లియర్ (కప్పుకి వేలాడే గాజు దీపాల గుత్తి) సీనే గట్టిది. శుభ్రం చేయడానికి దింపుదామని డెల్, అతని తమ్ముడు రాడ్నీ నిచ్చెనలెక్కి ఒక షాండ్లియర్ కింద గుడ్డ పట్టుకుంటే, పై అంతస్తులో వాళ్ల తాత పొరపాటున రెండోదాని బోల్టు విప్పుతాడు. పగలగొట్టడానికి ఉన్నది ఒక్కటే, రెండో టేక్‌కి దారి లేదు. రాడ్నీ వేసిన నికొలస్ లిండ్‌హర్స్ట్ నవ్వు ఆపుకోలేకపోతే అంతా బూడిదలో పోసినట్టే. ఇక్కడా అదే సూత్రం: వెనక అది ఊడి పడేదాకా ఇద్దరి కళ్లూ తమ నెత్తిమీద దాని మీదే ఉండాలి.

1987 నాటి టీవీ సీరియల్ 'పోర్టర్‌హౌస్ బ్లూ'లో కాలేజీ పోర్టర్ స్కల్లియన్ పాత్రకి జేసన్‌కి బ్రిటిష్ సినిమా, టీవీ అవార్డు బాఫ్టా వచ్చింది. 1992 నుంచి 2010 దాకా ఐటీవీ చానెల్లో పోలీసు ఇన్‌స్పెక్టర్ ఫ్రాస్ట్‌ వేషం. 2005లో సర్ బిరుదు. 2013లో పాత కొట్టు కథకి కొనసాగింపుగా 'స్టిల్ ఓపెన్ ఆల్ అవర్స్' మొదలైంది. అందులో కొట్టు గ్రాన్‌విల్‌ది, పిసినారితనం మాత్రం మేనమామదే.